తెలుగు పాఠానికి చేతులెన్నో – చేయూత ఏదీ?

ఉదయం ఎనిమిది గంటలయ్యేసరికి చాపెల్ రోడ్డు, గన్‌ఫౌండ్రీ, చిరాగలీ లేన్ – ఈ దారులన్నీ బడిపిల్లలతో నిండిపోతాయి. ఆటోల్లో ఇరుక్కుని వచ్చేవారు కొందరు. స్కూటరు మీద నాన్న వెనుక కూర్చుని వచ్చేవారు కొందరు. అన్న చెయ్యి పట్టుకుని నడిచి వచ్చేవారు కొందరు. గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడి చెవి ఒగ్గితే చాలు, ఈ పేటల సంగతి తెలిసిపోతుంది. ఒక పిల్ల తల్లితో ఉర్దూలో ముచ్చటిస్తూ వుంటుంది. ఒక పిల్లవాడు మరాఠీలో మారాం చేస్తూ వుంటాడు. ఇంకొకడు మార్వాడీలో చిల్లర డబ్బులడుగుతూ వుంటాడు. పాలమూరునుంచి బతకవచ్చినవారి అమ్మాయి "పోయొస్త నాయినా" అని లోపలికి పరుగు తీస్తుంది.

గంట కొట్టగానే వీరందరూ ఒకే వరుసలో నిలబడతారు. తెలుగు పీరియడు వచ్చేసరికి అందరి ముందూ ఒకే పుస్తకం తెరిచి వుంటుంది.

ఆ పుస్తకం ఆ బల్ల మీదికి రావడం వెనుక ఎన్నో చేతులున్నాయి. చట్టం చేసినవారు, పాఠ్యప్రణాళిక రాసినవారు, పుస్తకం అచ్చు వేసినవారు, పరీక్ష పెట్టేవారు, బడి నడిపేవారు, పాఠం చెప్పేవారు, ఫీజు కట్టేవారు. విశేషమేమంటే వీరిలో చాలామంది చిరునామాలు నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపట్లే వున్నాయి. శాసనసభ దగ్గర బయలుదేరి తిలక్ రోడ్డు దాకా నింపాదిగా నడిచినా గంట పట్టదు. అంత దగ్గరలో వున్నా ఒక చేతికి మరొక చెయ్యి అందడం లేదన్నదే అసలు చిక్కు.

చట్టం పుట్టిన చోటు

నడక పబ్లిక్ గార్డెన్స్ పక్కనుంచి మొదలుపెడదాం. తెలంగాణలోని అన్ని పాఠశాలల్లో తెలుగు తప్పనిసరిగా బోధించాలన్న బిల్లును ఇక్కడి శాసనసభ 2018 మార్చిలో ఆమోదించింది. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేదు. రాష్ట్ర సిలబస్, కేంద్ర సిలబస్, ఐసీఎస్‌ఈ అన్న తేడా కూడా లేదు. పదవ తరగతి వరకు తెలుగు చెప్పి తీరాలి. చెప్పని యాజమాన్యాలకు జరిమానా విధించే వీలును కూడా చట్టంలోనే పెట్టారు.

ఈ చట్టానికి ముందు చిన్న కథ వుంది. 2017 సెప్టెంబరులో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఒకటినుంచి పన్నెండవ తరగతి వరకు తెలుగు తప్పనిసరి చేస్తామని ప్రకటించారు. సిలబస్ తయారీ పని సాహిత్య అకాడమీకి అప్పగిస్తామన్నారు. ఆ డిసెంబరు 15నుంచి 19 వరకు లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. స్టేడియం చుట్టూ తోరణాలు, పద్యాలు, అవధానాలు. ఆ ఉత్సాహం చల్లారకముందే చట్టం వచ్చింది. అయితే పన్నెండవ తరగతి అన్న మాట పదవ తరగతికి తగ్గింది. ఆ తగ్గిన రెండేళ్ళ ఫలితం ఏమిటో నాంపల్లికి తిరిగి వచ్చాక చూద్దాం.

ఇలాంటి చట్టం చేసినది మనమొక్కరమే కాదు. తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, కేరళ 2017లో, మహారాష్ట్ర 2020లో తమ తమ భాషల కోసం ఇటువంటి చట్టాలే చేసుకున్నాయి. కనుక చట్టం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చట్టం చేసిన చెయ్యి పని ఒక్కరోజులో అయిపోతుంది. మిగతా చేతుల పని ఏళ్ళ తరబడి సాగవలసి వుంటుంది. వారికి ఆ పని చేయడానికి కావలసినవి సమకూడాయా అన్నదే ప్రశ్న.

2018–19లో ఒకటి, ఆరు తరగతులతో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పైకి తీసుకుపోవాలన్నది పథకం. ఆ లెక్కన ఆరవ తరగతిలో చేరిన తొలి జట్టు అయిదో ఏటికి పదవ తరగతి తెలుగు పరీక్ష రాయాలి. మధ్యలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. కేంద్ర సిలబస్ బడుల్లో పని ముందుకు సాగలేదు. చివరకు 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం మళ్ళీ ఉత్తర్వు ఇచ్చింది. ఆ బడుల్లో తొమ్మిదవ తరగతికి 2025–26నుంచి, పదవ తరగతికి 2026–27నుంచి తెలుగు అమలు కావాలని అందులో చెప్పింది. చట్టానికీ ఈ ఉత్తర్వుకూ మధ్య ఏడేళ్ళు గడిచాయి. ఒకటవ తరగతిలో అక్షరాలు దిద్దిన పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేంత కాలమది.

పుస్తకం పుట్టిన చోటు

శాసనసభనుంచి బషీర్‌బాగ్ వైపు నడిస్తే లాల్‌బహదూర్ స్టేడియం వస్తుంది. దానికి ఎదురుగా, సాలార్‌జంగు కాలంనాటి పేరు గల ఆలియా పాఠశాల ఆవరణలో రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి కార్యాలయం వుంది. దాన్ని అందరూ ఎస్సీఈఆర్‌టీ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1967లో ఏర్పడిన సంస్థ ఇది. ఏ తరగతిలో ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి, నేర్చుకున్నదీ లేనిదీ ఎలా చూడాలి అన్నవి నిర్ణయించేది ఇక్కడే. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ పాఠ్యప్రణాళికను, మూల్యాంకనను నిర్ణయించే విద్యాసంబంధ అధికార సంస్థ ఒకటి వుండాలి. మన దగ్గర ఆ స్థానం దీనిదే.

ఎస్సీఈఆర్‌టీ వారు తెలుగులో రెండు రకాల పుస్తకాలు పెట్టడం మెచ్చుకోదగిన విషయం. తెలుగు బాగా వచ్చినవారికి "సింగిడి". తెలుగు ఇంటిభాష కానివారికి సులభమైన "వెన్నెల". సింగిడి అంటే మన పల్లెల్లో ఇంద్రధనుస్సు. 2025 ఫిబ్రవరి ఉత్తర్వు కూడా కేంద్ర సిలబస్ బడుల్లో పై తరగతులకు "సింగిడి" బదులు "వెన్నెల" చెప్పాలని సూచించింది. పిల్లలందరూ ఒకే మెట్టుమీద లేరన్న సంగతి కార్యాలయం దాకా చేరిందని దీనివల్ల తెలుస్తున్నది. ఆ కబురు చేరడానికి ఏడేళ్ళు పట్టడమే విచారకరం.

పుస్తకం రాయడం ఒక ఎత్తు, బడికి చేర్చడం ఒక ఎత్తు. 2024 జూన్‌లో బడులు తెరిచి పుస్తకాలు పంచగానే ఒక చిక్కు బయటపడింది. తెలుగు పుస్తకాల ముందుమాటలో పదవి దిగిపోయిన ముఖ్యమంత్రి పేరు అలాగే వుండిపోయింది. పంచిన పుస్తకాలను వెనక్కి తీసుకుని ఆ పేజీ సరిచేశాక మళ్ళీ ఇచ్చారు. పుస్తకంలోని పాఠాల్లో తప్పేమీ లేదు. కాని ముందుమాటను ఒకసారి తిరగేసే ఓపిక ఏ బల్ల దగ్గరా లేకపోవడంతో, కొత్త పుస్తకం వాసన చూడవలసిన రోజుల్లో పిల్లలు ఖాళీ చేతులతో కూర్చున్నారు. పై చేతి అజాగ్రత్త కింది చేతికి శిక్ష కావడమంటే ఇదే.

పరీక్ష చెప్పినట్టే పాఠం

స్టేడియం పక్కనుంచి చాపెల్ రోడ్డులోకి తిరిగితే ప్రభుత్వ పరీక్షల డైరెక్టరు కార్యాలయం. పదవ తరగతి ప్రశ్నపత్రాలు, ఫలితాలు, సర్టిఫికెట్లు అన్నీ దీని పరిధిలోవే. పుట్టిన తేదీ దిద్దించుకోవడానికీ, పోయిన సర్టిఫికెట్ నకలు తీసుకోవడానికీ జిల్లాలనుంచి వచ్చినవారు తిరుగాడే రోడ్డు ఇది.

పాఠ్యప్రణాళికలో ఎన్ని మంచి మాటలు రాసినా, బడిలో జరిగేది పరీక్షను బట్టి జరుగుతుందని ఏ పంతులును అడిగినా చెబుతారు. పిల్లవాడు తెలుగులో ధారాళంగా మాట్లాడాలన్నది ప్రణాళిక ఉద్దేశం. కాని మాట్లాడడానికి పబ్లిక్ పరీక్షలో పేపరు లేదు. కరోనా తరువాత 2021–22నుంచి పదవ తరగతిలో పదకొండు పేపర్లు ఆరుకు తగ్గాయి. ఒక్కొక్క సబ్జెక్టుకు ఒకే పేపరు, దానికి 80 మార్కులు. మిగిలిన 20 బడిలోనే వేసే అంతర్గత మార్కులు. పిల్లవాడు ఏం చదివాడు, ఏం రాశాడు, ఏ పని చేసి చూపాడు అన్నదానికి ఆ 20 మార్కులు కేటాయించారు. 2024 నవంబరులో వాటిని ఎత్తివేస్తున్నట్టు ఉత్తర్వు వెలువడింది. మరునాడే, ఆ ఏటికి వద్దని వాయిదా వేశారు. సగం ఏడాది గడిచాక పరీక్ష రూపం మారుతుందన్నారు, తెల్లవారేసరికి మారదన్నారు. ఈ మధ్యలో తరగతి గదిలో పంతులు ఏ దారి పట్టాలి?

నాంపల్లిలో మారే దారి

చాపెల్ రోడ్డు దాటి నాంపల్లికి వస్తే ఇంటర్మీడియట్ బోర్డువారి విద్యాభవన్ వుంది. తెలుగు తప్పనిసరి చట్టం దీని గుమ్మం దగ్గర ఆగిపోతుంది. పదవ తరగతి గట్టెక్కిన పిల్లలు ఇంటర్‌లో రెండవ భాషను తామే ఎంచుకుంటారు. ఇంటిలో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో సంస్కృతం తీసుకోవడం జంటనగరాల్లో ఎప్పటినుంచో చూస్తున్న విషయమే. వారికి కాళిదాసు మీద అంత మక్కువ వుండి కాదు. సంస్కృతంలో మార్కులు బాగా వస్తాయని, ఆ మిగిలిన పొద్దు లెక్కలకు, భౌతికశాస్త్రానికి పెట్టుకోవచ్చని కాలేజీలు చెబుతాయి. తల్లిదండ్రులు తల ఊపుతారు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా సంస్కృతం ప్రవేశపెట్టే విషయమై బోర్డు వివరాలడిగింది. తెలుగు రచయితలు, అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు.

పదేళ్ళు తప్పనిసరిగా చెప్పించి, పదకొండో ఏట మార్కుల బేరానికి వదిలివేస్తే ఆ పదేళ్ళ చదువును పిల్లవాడు ఎంత లెక్కచేస్తాడు? 2017లో పన్నెండు అన్న మాట 2018లో పది కావడం కాగితం మీద చిన్న సవరణే. విద్యాభవన్ మెట్ల దగ్గర దాని బరువు తెలుస్తుంది.

యాజమాన్యాల లెక్క

ఈ పేటలు చదువులకు పాతకాపులు. ఆబిడ్స్‌లో సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు 1834 నాటిది. గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ 1855లో, రోజరీ కాన్వెంట్ 1904లో, మహబూబియా బాలికల పాఠశాల 1907లో మొదలయ్యాయి. చాపెల్ రోడ్డులోని స్టాన్లీ బాలికల పాఠశాల 1895 నాటిది. చిరాగలీ లేన్‌లోని లిటిల్ ఫ్లవర్ 1953లో వచ్చింది. ఈ బడుల గోడలు ఆంగ్లం, ఉర్దూ, తెలుగు అన్నీ విన్నవే. ఎన్ని ప్రభుత్వాలు, ఎన్ని సిలబస్‌లు మారినా గంట మాత్రం వేళకు కొడుతూనే వచ్చాయి.

ఏ బడి యాజమాన్యం ముందైనా టైంటేబుల్ అనే చిన్న కాగితం వుంటుంది. పాఠ్యప్రణాళిక బడిలోకి ఎంత వచ్చిందో ఆ కాగితమే చెబుతుంది. తెలుగుకు వారానికి ఎన్ని పీరియడ్లు? అవి పొద్దున్న పిల్లలు చురుగ్గా వున్నప్పుడా, మధ్యాహ్నం భోజనమయ్యాక కళ్ళు మూతలు పడుతున్నప్పుడా? పరీక్షలు దగ్గరపడితే ఏ పీరియడును లెక్కల మాస్టారికి అప్పగిస్తారు? తెలుగు వచ్చినవారు, రానివారు అని రెండు జట్లు చేసి ఇద్దరు ఉపాధ్యాయులను పెట్టారా, లేక ఒక్కరికే అందరినీ అప్పగించారా? "సింగిడి", "వెన్నెల" అని పుస్తకాలు రెండున్నా, చెప్పేవారు ఒక్కరే అయితే రెండో పుస్తకం అలమారులోనే వుండిపోతుంది. జరిమానాకు భయపడి పెట్టిన పీరియడుకూ, పిల్లల కోసం పెట్టిన పీరియడుకూ తేడా టైంటేబుల్‌లో ఇట్టే కనబడుతుంది.

పంతులమ్మకు తెలిసినది

ఇక తరగతి గదిలోకి వెళదాం. ఒక ఆరవ తరగతి అనుకోండి. నలభైమంది పిల్లలు. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లాలో తెలుగు ఇంటిభాష అయినవారూ, ఉర్దూ ఇంటిభాష అయినవారూ ఇంచుమించు సరిసమానం. చెరి ఐదింట రెండు వంతుల దాకా వున్నారు. మిగిలినవారిలో హిందీ, మార్వాడీ, మరాఠీ, గుజరాతీ, తమిళం. ఆబిడ్స్, నాంపల్లి తరగతుల్లోనూ ఈ కలగలుపే.

ఉర్దూ ఇంటి పిల్లకు ఖ, ఘ, భ వంటి వత్తక్షరాలు పలకడం మంచినీళ్ళ ప్రాయం. అదే తెలుగింటి పిల్లవాడు "భారతం" అనవలసిన చోట "బారతం" అంటాడు. కాని ఉర్దూ ఇంటి పిల్లకు "ళ", "ణ" నోరు తిరగవు. మరాఠీ ఇంటి పిల్లవాడు ఆ రెండూ చక్కగా పలుకుతాడు, వాడి భాషలో అవి వున్నవే. వీరిద్దరికీ కష్టమైనది ఎ – ఏ, ఒ – ఓ ల తేడా. "వెల" అంటే ధర, "వేల" అంటే వేయి వేయిగా. హిందీ, ఉర్దూ, మరాఠీల్లో ఆ హ్రస్వాలు విడిగా అక్షరాలుగా లేవు. కనుక రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. ఇక పాలమూరు అమ్మాయికి తెలుగు దండిగా వచ్చు. అయితే ఆమె "గిట్ల", "గట్ల" అంటుంది, పుస్తకం "ఇలా", "అలా" అంటుంది. తన తెలుగు తప్పేమోనని ఆ పిల్ల నోరు మెదపడమే మానేస్తుంది.

ఇవన్నీ పంతులమ్మకు తెలుసు. ఏ పిల్లను ఏ పిల్ల పక్కన కూర్చోబెడితే ఒకరినుంచి ఒకరు నేర్చుకుంటారో తెలుసు. వత్తులు పలికే పిల్ల, "ళ" పలికే పిల్లవాడు, మాటలు దండిగా వున్న అమ్మాయి ఒకే బల్ల మీద కూర్చుంటే సగం పాఠం వారే చెప్పుకుంటారు. ఏ ఉత్తర్వులోనూ రాయని విద్య ఇది. కాని పుస్తకం రాసే గదిలో ఈ తెలివికి ఎంత చోటున్నది? పుస్తకాల రచనలో ఉపాధ్యాయులు లేకపోలేదు. ఆ రచయితల పేర్లు ప్రతి పుస్తకం మొదట్లో వుంటాయి. అయితే పుస్తకం వచ్చాక, "ఈ పాఠం మా పిల్లలకు ఎక్కడం లేదు" అని వెనక్కి చెప్పుకునే దారి మాత్రం స్పష్టంగా లేదు. కిందికి ఉత్తర్వులు వస్తాయి. పైకి నివేదికలు పోతాయి. నివేదికలో ఎంతమంది హాజరు, ఎన్ని పాఠాలు పూర్తి అన్న గళ్ళుంటాయి. పిల్ల నోరు మెదపడం మానేసిందని రాయడానికి గడి వుండదు.

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులు చెబుతుంది. నిర్ణీత కాలంలోగా ప్రణాళిక పూర్తి చేయాలి, పిల్లవాడి శక్తిని బట్టి అదనంగా చెప్పాలి, తల్లిదండ్రులతో సమావేశాలు జరపాలి. 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప ఇతరేతర పనులకు వారిని వాడకూడదు. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను పంపారు. ఆ రోజుల్లో బడులు ఒంటిపూటే నడిచాయి. అప్పుడు చెప్పకుండా పోయిన పాఠాలకు బాకీ తీర్చినవారెవరూ లేరు.

భాషా పండితుల సంగతి మరీ చిత్రం. హైస్కూలు తరగతులకు పాఠం చెబుతూ తక్కువ స్థాయి పోస్టులో వుండిపోయిన పండితులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. తెలుగు మహాసభల రోజుల్లోనే వారి పోస్టుల స్థాయి పెంపు మాట గట్టిగా వినిపించింది. కోర్టు వ్యాజ్యాలు దాటుకుని ప్రమోషన్లు చేతికందేసరికి 2024 వచ్చింది. భాషకు తోరణాలు కట్టడం సులువు. భాష చెప్పేవారి కడుపు చూడడానికి ఆరేళ్ళు పట్టింది.

ఇంటి గడప, ఆదివారం ఫుట్‌పాత్

తల్లిదండ్రుల మాటేమిటి? ప్రభుత్వ బడుల్లో విద్యాహక్కు చట్టం వారికి చోటు కల్పించింది. 21వ సెక్షన్ కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే వుండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. అయితే ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు బడులకు ఈ నియమం వర్తించదు. ఆబిడ్స్ చుట్టుపట్ల బడుల్లో ఎక్కువ భాగం ప్రైవేటువే. అక్కడ తల్లిదండ్రులు ఫీజు కౌంటరు దగ్గర కనబడతారు. పాఠ్యప్రణాళిక దగ్గర కనబడరు.

అయినా వారి ప్రభావం తక్కువేమీ కాదు. "తెలుగు రాకపోతే నష్టమేముంది, ఇంగ్లీషు వస్తే చాలు" అని ఇంట్లో ఒక్క మాటంటే, బడిలో వారం రోజుల పాఠం వ్యర్థమే. తెలుగు రాని ఇంట్లో మరొక రకం బాధ వుంది. ఉస్మాన్‌గంజ్‌లో అంగడి నడిపే తండ్రికి, నాంపల్లి స్టేషను దగ్గర బండి పెట్టుకున్న తల్లికి పిల్లవాడి హోంవర్కులో ఒక్క ముక్క చదవడం రాదు. తెలుగులో బేరమాడడం వారికి బాగా వచ్చు. చదవడమే రాదు. ఆ ఇంటికి పుస్తకం పంపాము గాని సహాయం పంపలేదు.

ఆ లోటు తీర్చేది ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. దుకాణాలు మూసిన ఆ ఉదయం, పేవ్‌మెంటు పొడుగునా పాత పుస్తకాల రాసులు. నవలలు, నిఘంటువులు, పోటీ పరీక్షల పుస్తకాలు. వాటి మధ్య బడి గైడ్లు, టెస్టు పేపర్లు, ప్రశ్నలూ జవాబులూ కట్టిన సంపుటాలు. తల్లో తండ్రో వంగి ఒక్కొక్కటే తీసి చూస్తూ వుంటారు. కమిటీలు కూర్చుని ఆలోచించి రాసిన పాఠం చివరకు గైడులో నాలుగు వాక్యాల జవాబై ఇంటికి చేరుతుంది. గైడు రాసినవారు ఏ కమిటీలోనూ లేరు. అయినా పరీక్ష ముందు వారం పిల్లవాడికి అసలు పంతులు గైడే. దీనికి గైడులమ్మేవారిని తప్పుపట్టి లాభం లేదు. మనం ఖాళీగా వుంచిన చోటే వారికి దొరికింది.

ఈ వీధులే నేర్పిన పాఠాలు

భాషా చదువు ఎలా అమలు చేయాలో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. ఈ వీధుల చరిత్రలోనే రెండు పాఠాలున్నాయి.

మొదటిది నిజాం ప్రభుత్వం నేర్పినది. ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయం పెట్టాలని తలచినప్పుడు ముందుగా 1917లో అనువాద సంస్థను నెలకొల్పారు. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు, కొత్త పారిభాషిక పదాలు కల్పించారు. ఉస్మానియా 1918లో ఏర్పడింది. తరగతులు 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు భవనాల్లో మొదలయ్యాయి. ఆ విధానంతో ఎంత విభేదించినా, పాఠం మొదలయ్యే ముందు పుస్తకం సిద్ధం కావాలన్న క్రమం మాత్రం వారు పాటించారు.

రెండవది ప్రజలు నేర్పినది. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు అయిన ఆ రోజుల్లో తెలుగు చదువుకు ఆదరణ కరువైంది. 1943లో నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. ఈనాడు తిలక్ రోడ్డులో తెలంగాణ సారస్వత పరిషత్తుగా వున్నది అదే. సర్కారు చట్టం లేదు, జరిమానా లేదు. పరిషత్తు తానే పాఠ్యగ్రంథాలు నిర్ణయించింది. ప్రాథమిక, ప్రవేశ, విశారద వంటి పరీక్షలు పెట్టింది. ఊరూరా కార్యకర్తలు చదివించారు. పగలు పని చేసుకుని రాత్రి లాంతరు ముందు కూర్చుని చదివినవారున్నారు. తరువాత తరువాత పండితులను తయారుచేసే కళాశాల కూడా నడిపింది. దేవులపల్లి రామానుజరావు వంటివారు దానికోసం జీవితమే ధారపోశారు. ప్రణాళిక రాసినవారు, చెప్పినవారు, చదివినవారు ఒకరికొకరు తెలిసినవారు కావడమే ఆ విజయ రహస్యం.

ఇంకొక సంగతి కూడా మరవరాదు. ఆనాడు ఉర్దూ పాఠం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నది తెలుగు పిల్లవాడు. ఈనాడు తెలుగు పాఠం ముందు అలా కూర్చున్నది ఉర్దూ ఇంటి పిల్ల కావచ్చు, మరాఠీ ఇంటి పిల్లవాడు కావచ్చు. ఆ బాధ ఎరిగిన మనం ఆ పిల్లలకు తెలుగును శిక్షగా చేయడం తగదు. ఈ నగరంలో బతికే ప్రతి పిల్లకూ తెలుగు రావాలి. బస్సు బోర్డు చదవడానికి, ఆఫీసులో అర్జీ రాయడానికి, పక్కింటివారితో కష్టసుఖాలు చెప్పుకోవడానికి రావాలి. అలా రావాలంటే వారికి మొదట భయం పోవాలి.

చేయవలసినది

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. మొదటిది, ఏటా రెండుసార్లయినా ఎస్సీఈఆర్‌టీవారు ఈ పేటల తెలుగు ఉపాధ్యాయులను తమ ఆవరణకు పిలవాలి. ఉపన్యాసాలు మాని, ఏ పాఠం ఎక్కింది, ఏది ఎక్కలేదు అని అడిగి రాసుకోవాలి. రెండవది, పరీక్ష రూపంలో మార్పు వుంటే బడులు తెరిచే ముందే చెప్పాలి, నడుమ మార్చరాదు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తమ చెవితో వినేలా పిల్లల మౌఖిక పరీక్షకు కొన్ని మార్కులు పెట్టాలి. మూడవది, తెలుగు చదవలేని తల్లిదండ్రుల కోసం ఉర్దూలోను, హిందీలోను వివరణలున్న చిన్న వాచకం ఒకటి "వెన్నెల"కు తోడుగా ఇవ్వాలి. నాలుగవది, ప్రైవేటు బడులు కూడా తల్లిదండ్రులను టర్ముకొకసారి కూర్చోబెట్టి, ఫీజుల మాట కాక పాఠాల మాట మాట్లాడాలి. అయిదవది, ఇంటర్‌లో తెలుగు తీసుకున్న పిల్లవాడు మార్కుల్లో నష్టపోడన్న నమ్మకాన్ని బోర్డువారు కలిగించాలి.

శాసనసభనుంచి సారస్వత పరిషత్తు దాకా గంట నడక అని మొదటే అనుకున్నాం. చట్టం మాత్రం 2018లో బయలుదేరి ఇంకా దారిలోనే వుంది. సంబంధిత అధికారులు ఒక ఉదయం తీరిక చేసుకుని చాపెల్ రోడ్డులో ఏదో ఒక బడి ఆరవ తరగతిలో వెనుక బల్ల మీద కూర్చోవాలి. తనిఖీకి కాదు, ఊరికే వినడానికి. "ళ" పలకలేక నవ్వుకునే పిల్ల, "గిట్ల" అని నాలుక కరుచుకునే అమ్మాయి, వారిద్దరినీ ఒక బల్ల మీదికి చేర్చి మురిసిపోయే పంతులమ్మ అక్కడ కనబడతారు. తరువాతి ఉత్తర్వులో ఏమి రాయాలో వారికి అక్కడే తెలుస్తుంది.